గోడౌనులో లేని ఎనిమిదో నంబరు

నన్ను ఎరిగినవాళ్ళు ఇది చదివితే ముందు నవ్వుకుంటారు. దెయ్యం అన్న మాట ఎత్తితే చాలు, అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. మా పిన్నికి పూనకం వస్తే, ముందు బీపీ చూపించండి అని సలహా ఇచ్చి, పెళ్ళివారింట్లో అందరి ముందూ తిట్లు తిన్నాను. ఆ సలహా ఇప్పటికీ తప్పనుకోను.

ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒక రోజు మధ్యాహ్నం గంటన్నరసేపు నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాగితాలు ఉన్నాయి, చూసినవాళ్ళున్నారు, విరిగిన చిప్పు ఒకటి నా బీరువాలో ఉంది. అర్థం మాత్రం నా దగ్గర లేదు.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్త రోజులవి. అంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో నలుగురం కలిసి ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసేవాళ్ళం. బోర్డు మీద లెక్కలు చేసే మైక్రోకంట్రోలరు ఒకటి, దాని పక్కన ప్రోగ్రాం ఉండే ఈప్రామ్ అనే చిప్పు. ఆ ప్రోగ్రాం రాయడం నా పని. అందులోనూ సీరియల్ పోర్టు పని, అంటే తీగ మీదుగా బోర్డుకీ కంప్యూటరుకీ మాటలు నడిపించే పని, ముఖ్యంగా నాదే.

ఆ ఏడు మాకు దొరికిన పెద్ద ఆర్డరు వ్యాసర్పాడిలో రైల్వే యార్డు వెనక ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీది. యజమాని సౌకార్‌పేటలో ఎండుమిరపకాయల టోకు వ్యాపారం చేసే శెట్టిగారు. మూడు తరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. గోడౌనులో ఎనిమిది చల్లగదులు. ఒక్కోదాంట్లో పైకప్పు దాకా మిరపకాయల బస్తాలు. లోపల నాలుగైదు డిగ్రీలు మించకూడదు. మించితే కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది.

ఒక్కో గదిలో ఒక బోర్డు పెట్టాం. అన్నిటినీ కలుపుతూ ఆఫీసులోని కంప్యూటరు దాకా ఒకటే తీగల జత. ఒకే తీగ మీద ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు కాబట్టి నేను ఒక కట్టుబాటు పెట్టాను. కంప్యూటరు నిమిషానికోసారి అన్ని నంబర్లనూ వరసగా, ఒక్కొక్కటిగా పిలుస్తుంది. పిలిచిన నంబరే పలకాలి, తన గదిలో ఎంత చల్లగా ఉందో చెప్పాలి. పిలవనిది నోరెత్తకూడదు. వచ్చిన జవాబును కంప్యూటరు టైముతో సహా ప్రింటరు కాగితం మీద అచ్చువేస్తుంది. పలకకపోతే సెకను ఆగి మళ్ళీ పిలుస్తుంది. మూడుసార్లు పిలిచినా పలకకపోతే ఆ నంబరుకు ఎదురుగా గీతలు అచ్చువేసి ఊరుకుంటుంది. ఏ నంబరైనా పది డిగ్రీలు దాటిందని చెబితే మాత్రం ఆఫీసులో బజరు మోగుతుంది.

గీతలు పడ్డప్పుడు కూడా బజరు మోగాలి నిజానికి. మొదట అలాగే రాశాను. ఎలుకలు తీగలు కొరికేవి, వారానికి రెండుసార్లు బజరు మోగేది, గుమాస్తా రంగనాథంగారు నా ప్రాణం తీసేవారు. సరే పొమ్మని ఆ భాగం తీసేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు చీకట్లో నేను మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుని నన్ను నేను తిట్టుకున్నది దీనికే.

ఇక ఎనిమిది సంగతి. ఎనిమిది శని నంబరని శెట్టిగారి నమ్మకం. వాళ్ళ కొట్లో ఎనిమిదో షెల్ఫు ఉండదు, లారీ నంబర్లు కూడితే ఎనిమిది రాకూడదు. గోడౌను తలుపుల మీద ఒకటి నుంచి ఏడు దాకా రాయించి, చివరి గది మీద తొమ్మిది అని రాయించారు. నేను అది గమనించలేదు. గదులు లెక్కపెట్టుకున్నాను, ఎనిమిది. చిప్పుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు ఎక్కించాను, స్టిక్కర్ల మీద రాసి అంటించాను, బిగించి వచ్చేశాను. కాగితం మీద ఎనిమిది అంటే తలుపు మీది తొమ్మిది అని రంగనాథంగారు రెండు నెలలు తనలో తాను సర్దుకున్నారు. శెట్టిగారి కంట పడనివ్వలేదు.

ఆయుధపూజ ముందురోజు సాయంత్రం శెట్టిగారు స్వయంగా గోడౌనుకు వచ్చి ఆ కాగితం చూశారు. వెంటనే నాకు ఫోను.

"ఇంజినీరూ, నా గోడౌనులో ఎనిమిదే లేదు గదప్పా. నీ మిషనుకి అది ఏడనించి వచ్చె? రేపు దానికి పూజ చేయాల. ఆ నంబరు లోపల పెట్టుకోని నేను దానికి బొట్టు పెట్టను."

వాదించాలనిపించింది. రావలసిన ఆఖరి చెక్కు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రమే ఇంకో చిప్పులో తొమ్మిది ఎక్కించి సంచిలో వేసుకున్నాను. మర్నాడు మా షెడ్డుకు సెలవు. ఒంటి గంటకల్లా వచ్చేస్తానని మా ఆవిడకు చెప్పి బయల్దేరాను. ఆ మర్నాడు విజయదశమికి మా నాలుగేళ్ళ పాపకు అక్షరాభ్యాసం. కొత్త పలక అప్పటికే సరస్వతి పటం ముందు పెట్టేశారు. పాప దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరుగుతోంది.

పదకొండు గంటలకు గోడౌను చేరాను. గేటు దగ్గర మామిడాకులు, అరటి పిలకలు. హమాలీలు తక్కెడలు, కొక్కేలు, తోపుడుబళ్ళు అన్నీ కడిగి వరసగా పెట్టి పసుపూ గంధమూ పూస్తున్నారు. ఆఫీసులో కంప్యూటరుకు అప్పటికే బంతిపూల దండ పడింది. పక్క వీధి పందిట్లో లౌడ్‌స్పీకరు హోరెత్తిపోతోంది. రంగనాథంగారి బల్ల కింద సంచి పెట్టి, స్క్రూడ్రైవరు ఒక్కటి జేబులో వేసుకుని చివరి గదికి వెళ్ళాను. ముందు పాత చిప్పు తీసి చూద్దాం, అది కూర్చునే సాకెట్టు బాగుంటే కొత్తది తెచ్చి పెడదాం అనుకున్నాను. రెండు నడకలు ఎందుకనుకుని కొత్త చిప్పు అప్పుడే తీసుకెళ్ళి ఉంటే ఈ కథే లేదు.

ఆ గది తలుపు జానెడు మందం. గొళ్ళెం బయట. లోపలి నుంచి నెట్టి తెరవడానికి ఒక ఇనప గుండు ఉండాలి కానీ అది విరిగి చాలా కాలమైంది. బాగుచేయించడానికి బదులు, లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపుకు ఇటుక అడ్డం పెట్టుకోవడం అక్కడ అలవాటు. నేనూ పెట్టాను. లైటు స్విచ్చి కూడా బయటే. వేసుకుని లోపలికి వెళ్ళాను. బోర్డు పెట్టె ఆ చివర, బస్తాల వెనక, గోడకు ఉంది.

మూత తీశాను. స్క్రూడ్రైవరుతో చిప్పును మెల్లగా పైకి లేపి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. సాకెట్టు శుభ్రంగానే ఉంది. అప్పుడు లైటు పోయింది. ఒక్క క్షణం తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు, గొళ్ళెం పడ్డ చప్పుడు.

మేస్త్రి మునిరత్నం పూజకు ముందు తలుపులన్నిటికీ గంధం, కుంకుమ పెట్టుకుంటూ వచ్చాడట. ఆఖరి తలుపు దగ్గర ఇటుక కనిపించింది. హమాలీలు ఎప్పట్లాగే నిర్లక్ష్యంగా వదిలేసి పోయారని తిట్టుకుని, ఇటుక తీసి, లైటు ఆర్పి, తలుపు వేసి బొట్టు పెట్టాడు. బస్తాల వెనకున్న నేను అతనికి కనిపించే అవకాశం లేదు.

మొదట నాకు కోపమే వచ్చింది, భయం కాదు. అరుస్తూ చేతులతో బస్తాలు తడుముకుంటూ తలుపు దాకా వచ్చి గుద్దాను. ఆ తలుపు మీద గుద్దితే దిండు మీద గుద్దినట్టే ఉంది. పైన చల్లగాలి ఫ్యాన్ల రొద, బయట కంప్రెసర్, వీధిలో లౌడ్‌స్పీకరు. స్క్రూడ్రైవరు పిడితో కొట్టాను. చెప్పుతో కొట్టాను. గొంతు బొంగురుపోయాక ఆగాను.

ఆగాక లెక్క మొదలైంది. పన్నెండింటికి పూజ అయిపోతుంది. గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ శనగలూ పంచుకుని అందరూ వెళ్ళిపోతారు. రేపు విజయదశమి, సెలవు. ఎల్లుండి ఆదివారం. నా సంచి బల్ల కింద ఉంది, ఎవరికీ కనపడదు. నేను రైల్లో వచ్చాను కాబట్టి బయట నా బండి కూడా లేదు. పని చూసుకుని పూజ సందట్లో వెళ్ళిపోయాడనే అందరూ అనుకుంటారు. ఒంటి మీద పలచటి పొట్టిచేతుల చొక్కా. నాలుగు డిగ్రీల చలిలో రెండు రోజులు ఏ మనిషీ బతకడు. ఇది నాకు స్పష్టంగా, కంప్యూటరు అచ్చువేసినంత స్పష్టంగా తెలిసింది.

వెచ్చదనం కోసం బస్తాల మధ్య దూరాను. అంతకంటే బుద్ధితక్కువ పని లేదు. గోనెసంచుల మీద మిరప దుమ్ము. కళ్ళు, ముక్కు, పెదవులు భగ్గుమన్నాయి. దగ్గీ దగ్గీ వాంతి వచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతికీ అదే దుమ్ము. పైన చలి, లోపల మంట. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. దాచుకోవలసింది ఏమీ లేదు.

ఆ కళ్ళతోనే గది చివర ఒక ఎర్రటి చుక్క చూశాను. బోర్డు మీద, తీగలో ఏ మాట నడిచినా మిణుకుమనే చిన్న దీపం. దానికి ప్రోగ్రాంతో పనిలేదు, తీగకు నేరుగా కలిపి ఉంటుంది. పాకుతూ దాని దగ్గరికి వెళ్ళాను. ఆ చీకట్లో ఇంకెక్కడికి వెళ్ళాలనిపిస్తుంది?

నిమిషానికోసారి అది వెలిగేది. ముందు గబగబా పద్నాలుగు మిణుకులు. ఏడు గదులకు ఏడు పిలుపులు, ఏడు జవాబులు. తర్వాత మెల్లగా, సెకను సెకనుకు ఒకటి చొప్పున మూడు మిణుకులు. అంటే ఎనిమిదిని పిలుస్తోంది. పలకలేదు. మళ్ళీ పిలుస్తోంది. పలకలేదు. మూడోసారి. ఇక ఆఫీసులో గీతలు పడి ఉంటాయి. గీతలకు బజరు మోగదు. మోగకుండా చేసింది నేనే.

బయటి ప్రపంచంలో నన్ను నిమిషానికి మూడుసార్లు పిలుస్తున్నది అదొక్కటే. నేను రాసిన ప్రోగ్రామే నన్ను పిలుస్తుంటే పలకడానికి నోరు లేక దాని ముందు కూర్చున్నాను. అప్పటి బాధ నాకు ఇప్పటికీ మాటల్లో పెట్టడం చేతకాదు.

అప్పుడు తట్టింది. చిప్పు జేబులోనే ఉంది. దాన్ని తిరిగి సాకెట్టులో పెడితే బోర్డు పలుకుతుంది. నాలుగు డిగ్రీలు అని పలికితే లాభం లేదు. వేడి చూసే సెన్సరు పైన, తొమ్మిదడుగుల ఎత్తున కమ్మీకి కట్టి ఉంది. బస్తాలెక్కి దాన్ని లాగి చంకలో పెట్టుకుంటే ముప్పై ఆరు డిగ్రీలు చూపిస్తుంది. పది దాటితే బజరు. ఎవరో ఒకరు వస్తారు. ఇంత తేలికైన ఉపాయం ఇంతసేపు తట్టనందుకు నవ్వొచ్చింది.

చిప్పుకు ఇరవై ఎనిమిది కాళ్ళు. వెలుతుర్లో అయితే పది సెకన్ల పని. నా వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. చిప్పు ఏ వైపు ముందో గాటును తడిమి తెలుసుకోవడానికే చాలాసేపు పట్టింది. నొక్కాను. సగం కాళ్ళు దిగాయి, సగం బయట వంగిపోయాయి. తీసి, కాళ్ళను పళ్ళతో సరిచేసి, మళ్ళీ నొక్కాను. మళ్ళీ వంగాయి. మూడోసారి సరిచేస్తుంటే టిక్కుమని చిన్న చప్పుడు. ఒక కాలు మొదలంటా విరిగి నా నాలుక మీద పడింది. ఉమ్మేశాను.

ఒక కాలు లేని చిప్పు పనిచేయదు. ఆ బోర్డు ఇక పలకదు. చిప్పును చొక్కా జేబులో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. నా వాచీ ముళ్ళకు పచ్చటి మెరుపు పూత ఉండేది. పన్నెండూ ఇరవై. ఈ టైము నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఒంటి గంటకు వస్తానన్నానే, ఇంకా నలభై నిమిషాలు మా ఆవిడకు అనుమానం కూడా రాదు అనుకున్నాను.

తర్వాత చలి బాధ తగ్గింది. అది మంచి గుర్తు కాదని తెలుసు, కానీ హాయిగా ఉంది. పాప చేత ఏ అక్షరం ముందు దిద్దించాలి, పళ్ళెంలో బియ్యం పోస్తారా, పలక మీదే రాయిస్తారా అని ఆలోచిస్తున్నాను. కళ్ళ ముందు ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఒకసారి ఏదో తేడాగా అనిపించింది. గబగబా మిణుకులు వచ్చాయి. తర్వాత రావలసిన మూడు మెల్లటి మిణుకులు రాలేదు. వరసలోనే ఇంకో రెండు వచ్చి ఆగిపోయింది.

తర్వాతి నిమిషమూ అంతే. పిలుపు ఒకటి, జవాబు ఒకటి. మొత్తం పదహారు.

నాకు లెక్క తప్పుతోందని అనుకున్నాను. మనిషికి చలి తలకెక్కితే అలాగే అవుతుంది. ఎనిమిదో పిలుపుకు ఎవరో పలికితే తప్ప అలా వెలగదని తెలుసు. పలకడానికి ఎవరూ లేరనీ తెలుసు. మూడోసారి కూడా పదహారు లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. కళ్ళు మూసుకున్నట్టున్నాను.

ఎండ మొహం మీద పడి కళ్ళు తెరిచాను. మునిరత్నం నన్ను చంకల కింద పట్టి బయటికి లాగుతున్నాడు. "అయ్యో సార్, ఇటుక తీసింది నేనే. లోపల మీరుండారని తెలీదే, తెలీదే" అని ఒకటే ఏడుపు. రంగనాథంగారు ఒక చేతిలో బొరుగుల పొట్లం, ఒక చేతిలో తాళాల గుత్తి పట్టుకుని పక్కనే నిలబడ్డారు. గోనెపట్టాలు కప్పి ఎండలో కూర్చోబెట్టి, తర్వాత ఆటోలో దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళ్ళారు. డాక్టరు థర్మామీటరు పెట్టి చీటీ మీద తొంభై అయిదు అని రాశాడు. సాయంత్రానికి ఇంటికి పంపించేశారు.

మర్నాడు అక్షరాభ్యాసం ఆగలేదు. మిరప మంట వేళ్ళకు దిగిపోయి ఎంత కడిగినా వదల్లేదు. నా చెయ్యి తగిలితే పాప చెయ్యి మండుతుందని, వేళ్ళకు చేతిరుమాలు చుట్టుకుని దాని చెయ్యి పట్టుకుని బియ్యంలో రాయించాను. నాన్న చేతికి ఎందుకు గుడ్డ కట్టావని అది అమ్మను అడుగుతూనే ఉంది.

నాలుగో రోజు రంగనాథంగారు నా సంచి, ప్రింటరు కాగితం పట్టుకుని ఇంటికొచ్చారు. ఆయన ఫిర్యాదు చేయడానికి వచ్చారు.

"నాయనా, ఏమీ అనుకోవద్దు. నీ మిషను చెడిపోయిండాదబ్బా. పూజ అయినాక తాళం వేస్తా ఉంటే బజరు కొట్టె. ఎనిమిదో నంబరు ముప్పై ఆరు అంటాది. నొక్కి ఆపితే మళ్ళీ కొట్టె. పండగ పూట ఆ నంబరే అరస్తా ఉండె. సరుకు కుళ్ళిపోతాదే అని మేస్త్రిని వెతుక్కోని ఇంటికాడ్నించి పిలుచుకొస్తిని. చూస్తే ఆడ చల్లగానే ఉండాది." కాగితం నా ముందు పెడుతూ అన్నారు. "నేను సరుకు కోసరం వస్తిని, నీ కోసరం కాదు. అబద్ధం చెప్పకూడదు గదా."

కాగితం తీసుకున్నాను. పదకొండుంబావు నుంచి పన్నెండూ ఇరవై ఒకటి దాకా ఎనిమిదికి ఎదురుగా గీతలు. సరిగ్గా ఉంది, చిప్పు నా జేబులో ఉంది. పన్నెండూ ఇరవై రెండుకు 36.1. తర్వాత 36.1. తర్వాత 36.0. అలా నిమిషానికో వరస, మెల్లగా దిగుతూ, ఇరవై ఏడు వరసలు. ఆఖరుది 34.8. దాని కింద, తలుపు తెరిచాక, మళ్ళీ గీతలు. మిగతా ఏడు గదులు మొదటి నుంచి చివరి దాకా నాలుగు డిగ్రీలే.

మొదట నాకూ లైన్లో గోలేమో అనిపించింది. ఆ అంకెలు దిగుతున్న తీరు చూస్తూ ఉంటే ఒక అనుమానం వచ్చింది. డాక్టరు చీటీ తీసి, తొంభై అయిదును సెంటీగ్రేడులోకి మార్చాను. ముప్పై అయిదు. కాగితం మీది ఆఖరి వరస కంటే రెండు పాయింట్లు ఎక్కువ. ఎండలో కూర్చోబెట్టినందుకు ఆ రెండు పాయింట్లు ఎక్కాయనుకుంటే సరిపోతుంది.

అవి గది అంకెలు కావు. నా ఒంటివి.

ఇక నేను చేయగలిగిందంతా చేశాను. మర్నాడు నేనే వెళ్ళి ఆ గది చూశాను. సాకెట్టు ఖాళీ. సెన్సరు పైన కమ్మీకి నేను కట్టిన ముడితోనే ఉంది. మత్తులో నేనే ఎక్కి లాగి, మళ్ళీ కట్టి ఉంటానా? కట్టినా చిప్పు లేని బోర్డు పలకదు. చిప్పు నర్సింగ్ హోములో నా చొక్కా మడతపెట్టిన నర్సు చేతికి దొరికింది, జేబులో, ఒక కాలు లేకుండా. పక్క గది బోర్డు పొరపాటున ఎనిమిదిగా పలికిందా అంటే అది నాలుగు డిగ్రీలు చెప్పాలి. తీగలో కరెంటు గోల అనుకుంటే, ప్రతి జవాబు చివరా సరిచూసుకునే అంకె ఒకటి పెట్టాను, అది సరిపోలకపోతే కంప్యూటరు జవాబును పారేస్తుంది. ఇరవై ఏడుసార్లు వరసగా గోల అలా సరిపోలదు. విరిగిన కాలి చోట సన్నటి తీగ సోల్డరు చేసి, చిప్పులోని ప్రోగ్రాం మొత్తం చదివించాను. నేను రాసిందే, ఒక్క బైటు తేడా లేదు. మనిషి ఒంటి వేడి చెప్పమని అందులో ఎక్కడా లేదు.

మా షెడ్డులో మిగతా ముగ్గురూ తలా ఒక కారణం చెప్పారు. ప్రతి కారణానికీ కాగితం మీద ఏదో ఒక అంకె అడ్డం వచ్చింది. కొన్నాళ్ళకు వాళ్ళు ఆ మాట ఎత్తడం మానేశారు.

శెట్టిగారికి మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. సంగతంతా విని, మునిరత్నాన్ని పిలిచి, ఆఖరి తలుపు మీద తొమ్మిది చెరిపించి ఎనిమిది రాయించారు. తలుపుకు లోపలి గుండు కూడా అదే రోజు పెట్టించారు. "మనిషిని కాపాడినాక అది శనిది ఎట్లవుతాదప్పా" అన్నారు నాతో. నేను తొమ్మిది ఎక్కించి తెచ్చిన కొత్త చిప్పు సంచిలోనే మిగిలిపోయింది.

పాప ఇప్పుడు నాకంటే బాగా కంప్యూటరు తెలిసిన మనిషి. ఈ కథ విన్నప్పుడల్లా ఒకటే అడుగుతుంది. "చిప్పుంది, ప్రోగ్రాం ఫ్లాపీ ఉంది, ఆ పాత కంప్యూటరూ అటక మీదే ఉంది. చిప్పును జేబులోనే పెట్టుకుని ఎనిమిదిని ఒకసారి పిలిచి చూడొచ్చు గదా నాన్నా." నిజమే. పది నిమిషాల పని. పరీక్ష చేయకుండా దేన్నీ ఒప్పుకోకూడదని జీవితమంతా అందరికీ నీతులు చెప్పిన మనిషిని.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పిలవలేదు.

పలకకపోతే ఏముంది, ఏమీ లేదు. పలికితే, ఆ గదిలో నా తరఫున మాట్లాడింది ఏదో అది ఇంకా నా జేబు దగ్గరే ఉన్నట్టు. ఆయుధపూజ నాడు మా ఆవిడ ఆ చిప్పును స్క్రూడ్రైవర్ల పక్కన పెడుతుంది. బొట్టు మాత్రం నేను పెడతాను.